పెద్ద సిస్టరుకు టోకెను

కంప్యూటర్లు రాకముందు ఆ ఆసుపత్రిలో రోగుల కాగితాలన్నీ ఇరవై ఏళ్ళపాటు ఒక్కడి చేతి మీదుగానే నడిచాయి. అందుకని అతన్ని అందరూ దస్త్రం అనేవారు. డాక్టరమ్మ మర్యాదగా దస్త్రం గారూ అనేది, ఆయాలు దస్త్రం బాబాయ్ అనేవాళ్ళు, ఇంట్లో భార్య కూడా కోపం వచ్చిన రోజున ఆ పేరే వాడేది. ఎవరి ఫైలు ఏ అరలో ఉందో, ఎవరికి ఏ మందు పడదో అతనికి నోటికే వచ్చు. తర్వాత కంప్యూటరు వచ్చింది, అరలు ఖాళీ అయ్యాయి, పేరు మాత్రం అలాగే అంటిపెట్టుకుని ఉండిపోయింది.

పెద్ద ఆసుపత్రేమీ కాదు. ముందు బెంచీలు వేసిన వరండా, లోపల డాక్టరమ్మ గది, పక్కన బీపీ చూసి ఇంజెక్షన్లు చేసే గది, ఆ చివర మందుల అలమారుకీ బాత్రూముకీ మధ్య ఇరుక్కున్న రికార్డుల గది. బీపీ గదికి రాణి పెద్ద సిస్టరు. ఆ మాటకొస్తే ఆసుపత్రి మొత్తానికీ ఆవిడే రాణి. దస్త్రం ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఒక అరను మీదకి లాక్కుని నాలుగు వందల ఫైళ్ళు నేల మీద పారబోశాడు. ఎవరైనా చూస్తే ఉద్యోగం ఊడుతుందని వణుకుతూ కూర్చుంటే, ఆవిడ వచ్చి తలుపు గడియ పెట్టి, చెప్పులు విడిచి, అతనితోపాటు నేల మీద బాసింపట్టు వేసుకుని సాయంత్రం దాకా ఫైళ్ళు సర్దింది. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆవిడ అతనికి అక్క, అతను ఆవిడకి తమ్ముడు. సొంత అక్కాతమ్ముళ్ళయితే ఇన్నేళ్ళలో రెండుసార్లయినా మాటలు మానేసి ఉండేవాళ్ళు.

ఇక పసుపుపచ్చ పెట్టె సంగతి. కొత్త కంప్యూటరులో ఒక ఏర్పాటు ఉండేది. రోగి రికార్డు తెరవగానే, ఆ మనిషి వయసును బట్టి చేయించుకోవలసిన క్యాన్సరు పరీక్ష ఏదైనా మిగిలిపోతే, తెర మూలన పసుపుపచ్చ పెట్టె ఒకటి లేచేది. అందులో ఫలానా పరీక్ష ఇంతవరకు జరగలేదు, పంపించాలా అని రాసి ఉండేది. కింద రెండు మీటలు. ఒకటి 'పంపించు', రెండోది 'తర్వాత'.

డాక్టరమ్మ మంచిది. చెయ్యి మంచిది, మనసు ఇంకా మంచిది. కాని మధ్యాహ్నం లోపల అరవై మందిని చూడాలి. దగ్గుతో వచ్చినవాడి ఛాతీ మీద గొట్టం పెడుతూనే రెండో చేత్తో, దోమను తోలినట్టు, 'తర్వాత' నొక్కేసేది. మొదటి నాలుగు నెలల్లో పెట్టె పదకొండు వందలసార్లు వస్తే నలభై ఒక్కసారి మాత్రమే 'పంపించు' నొక్కారని దస్త్రం లెక్క తీశాడు. తీసి అక్కకు చూపించాడు. అక్క ఆ కాగితాన్ని చూసి ఏమీ అనలేదు, మడిచి జేబులో పెట్టుకుంది. అక్క ఏమీ అనలేదంటే ఎవరికో మూడిందని అర్థం.

సాయంత్రం బెంచీలు ఖాళీ అయ్యాక ఆవిడ డాక్టరమ్మ గదికి వెళ్ళింది. దస్త్రం గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, ఆలస్యం అమృతం విషం అంటారు. మనం రోజుకి పదేసిసార్లు ఆలస్యం అనే మీట నొక్కుతున్నాం."

"జలుబుకని వచ్చినవాడితో క్యాన్సరు మాటెత్తితే వాడు మళ్ళీ గుమ్మం తొక్కుతాడా సిస్టర్? అదీగాక అంతా చెప్పాలంటే ఒక్కొక్కరికి పది నిమిషాలు పడుతుంది. నాకున్నవి మూడు."

"చెప్పేది నేను చెప్తా. బీపీ చూసేటప్పుడు రికార్డు నేనే తెరుస్తా, చీటీ నేనే రాస్తా. మీరు సంతకం పెడితే చాలు. అయినా 'తర్వాత' నొక్కాలనిపిస్తే నొక్కండి. కాని నొక్కేముందు ఆ పెట్టెలో ఏముందో ఆ మనిషికి గట్టిగా చదివి వినిపించండి."

"అంతేనా?"

"అంతే. చదివాక కూడా నొక్కగలిగితే నొక్కండి."

డాక్టరమ్మ నవ్వి సరే అంది. మనిషి మొహంలోకి చూస్తూ నీకు ఈ పరీక్ష జరగలేదు అని చదివి, ఆ వెంటనే తర్వాత చూద్దాంలే అని మీట నొక్కడం ఎంత కష్టమో ఆవిడకు మర్నాడే తెలిసొచ్చింది. ఆ నెలలో రెండుసార్లు నొక్కింది. ఆ ఇద్దరికీ రాత్రి ఇంటి నుంచి ఫోను చేసి మరీ రమ్మంది.

అప్పటి నుంచి బీపీ గది ఒక వాదనల గదిగా మారింది. చెయ్యి పట్టీలో ఇరుక్కుని ఉంటుంది కనుక లేచి పారిపోయే వీలు ఎవరికీ ఉండదు. ఒకసారి బస్సు డ్రైవరొకడు మోకాలి నొప్పికని వచ్చి దొరికిపోయాడు.

"నాకేం రోగం లేదు సిస్టర్. రాళ్ళు తిని అరాయించుకునే ఒళ్ళు నాది."

"నీ బస్సు ఆగిపోతేనే షెడ్డుకి తీసుకెళ్తావా?"

"అబ్బే, ఆగినా ఆగకపోయినా ఇన్ని కిలోమీటర్లకి ఒకసారని ఉంటుంది."

"నీకూ అంతే. యాభై దాటావు. ఇదిగో పేగు పరీక్ష డబ్బా, రేపు ఉదయం పట్టుకురా."

డ్రైవరు ఆ చిన్న మూత డబ్బా వంక చూశాడు. అందులో పట్టుకురావలసింది మలమని మెల్లగా బుర్రకెక్కింది. "డబ్బాలోనా?"

"మరి నా చేతిలోనా?" అంది అక్క.

వరండాలో బెంచీల మీదున్న వాళ్ళంతా నవ్వారు, డ్రైవరు కూడా నవ్వాడు. మర్నాడు డబ్బా పట్టుకొచ్చాడు. ఏడాది తిరిగేసరికి పరీక్షలకు వెళ్ళినవాళ్ళు ఐదు వందలు దాటారు. ఇద్దరు ఆడవాళ్ళకి రొమ్ములో గడ్డలు బఠాణీ గింజంత ఉన్నప్పుడే దొరికాయి. వాళ్ళిద్దరూ ఇప్పటికీ ఆ వీధిన పోతుంటే లోపలికొచ్చి అక్కను చూసి వెళ్తారు.

"మనిషికి మొహమాటం ఉంటుంది. పెట్టెకి ఉండదు" అనేది అక్క. ఆవిడకు ఇంత పట్టుదల ఎందుకో దస్త్రానికి తెలుసు. ఆవిడ తల్లి పేగు క్యాన్సరుతో అరవై నిండకుండా పోయింది. కడుపునొప్పికి సోడా తాగుతూ రెండేళ్ళు గడిపిందట. నర్సుగా పనిచేస్తున్న కూతురికి ఆ సంగతి చివరన గాని తెలియలేదు. అక్క ఈ ముక్క దస్త్రానికి ఒకేసారి చెప్పింది, మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

మూడో ఏడు పైనుంచి ఒక ఉత్తరం వచ్చింది. అన్ని పరీక్షలూ పూర్తయినవాళ్ళ జాబితా, తేదీలతో సహా పంపమని. దస్త్రం జాబితా తీసి తేదీల వరసలో పేర్చాడు. అందరికంటే పైన, అందరికంటే పాత తేదీతో అక్క పేరుంది. పేగు పరీక్ష అయింది, రొమ్ము పరీక్ష అయింది, గర్భసంచి ముఖద్వారం పరీక్ష అయింది. చూసి అతను మురిసిపోయాడు. ఊరందరికీ చెప్పే మనిషి ముందు తాను చేయించుకుందన్నమాట అనుకున్నాడు. తర్వాత తేదీ చూశాడు. మూడింటికీ ఒకే తేదీ. ఒక్కరోజులో మూడెలా చేయించుకుందబ్బా అనుకుంటూ క్యాలెండరు తిప్పితే, అది సెలవు రోజు.

అప్పుడు గుర్తొచ్చింది.

కంప్యూటరు పెట్టిన కొత్తలో నేర్పడానికి ఒకాయన వచ్చాడు. రోగులుండరని సెలవు రోజున రమ్మన్నారు. పరీక్ష అయినట్టు ఎలా నమోదు చెయ్యాలో చూపించడానికి ఎవరిదో ఒకరి రికార్డు కావలసివచ్చింది. రోగుల రికార్డు మీద పిచ్చిగీతలు గీయకూడదని అక్క, "నాది తీసుకోండి. నాకేం సిగ్గా" అంది. రికార్డులో 'అయింది' అనే మీట నొక్కింది దస్త్రమే. మూడుసార్లు నొక్కాడు. నొక్కిన ప్రతిసారీ పసుపుపచ్చ పెట్టెలో ఒక్కో వరస మాయమవుతుంటే చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. వెళ్ళేముందు అవి చెరిపెయ్యండి అని ఆయన చెప్పాడు. చెరుపుతాను అని దస్త్రం తలూపాడు. అంతలో కరెంటు పోయింది. కరెంటు వచ్చేసరికి అందరూ ఇళ్ళకి పోయారు.

రెండేళ్ళ ఎనిమిది నెలలు. అన్నాళ్ళుగా ఆ పెట్టె అందరినీ అడిగింది, అక్కను అడగలేదు. అడగకుండా నోరు నొక్కింది తన వేలే.

ఆ రోజంతా దస్త్రం నీళ్ళు నములుతూ తిరిగాడు. ముందు ఆ మూడూ చెరిపేశాడు. చెరిపాక, ఇక పెట్టె వస్తుంది, పెట్టే చెప్తుందిలే అని పిరికిగా కాస్త ఊరట పడ్డాడు. కాని రెండు రోజులు చూసినా ఏమీ జరగలేదు. ఎందుకు జరుగుతుంది? రికార్డు తెరిస్తే కదా పెట్టె లేచేది. ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళ రికార్డు ఎవడు తెరుస్తాడు? తలనొప్పి వస్తే అలమారులోంచి మాత్ర తీసి వేసుకోవడం, బీపీ కావాలంటే నడవాలో నిలబడి చూపించుకోవడం, డాక్టరమ్మను నడుస్తూ నడుస్తూ ఒక మాట అడగడం, అంతే. వాళ్ళలో ఒక్కరు కూడా టోకెను తీసుకుని బెంచీ మీద కూర్చున్న పాపాన పోలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు.

మూడో రోజు ఉదయం దస్త్రం మొట్టమొదటి టోకెను చింపి అక్క చేతిలో పెట్టాడు.

"ఏంటిది?"

"టోకెను. ఒకటో నెంబరు. వెళ్ళి బెంచీ మీద కూర్చో అక్కా."

"మతిగానీ పోయిందా? బయట ముప్ఫై మంది ఉన్నారు."

"అందుకే ఒకటో నెంబరు ఇచ్చా. నీకు దణ్ణం పెడతా, కూర్చో."

అతని మొహం చూసి ఆవిడ టోకెను గుప్పిట్లో పెట్టుకుంది. వెళ్ళి బెంచీ చివర కూర్చుంది. రోగులు అటూ ఇటూ జరిగి చోటిస్తూ, సిస్టరు గారికే బాగాలేదట అని గుసగుసలు పోయారు. దస్త్రం పిలిచాడు. డాక్టరమ్మ ఇదేదో సరదా అనుకుని నవ్వుతూ రికార్డు తెరిచింది.

పెట్టె లేచింది. మూడు వరసలు.

డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. అక్క కళ్ళజోడు సర్దుకుని తెర వైపు ఒకసారి చూసి తల దించుకుంది. రూలు రూలే కనుక డాక్టరమ్మ గట్టిగా చదివింది. "వయసు యాభై ఆరు. పేగు క్యాన్సరు పరీక్ష ఇంతవరకు జరగలేదు." మిగతా రెండూ కూడా చదివింది.

"నేనే అక్కా" అన్నాడు దస్త్రం గుమ్మం దగ్గర నుంచి. "నేర్చుకున్న రోజు నేనే నొక్కా. చెరపడం మర్చిపోయా. అందుకే నీకు రాలేదు. ఇన్నాళ్ళూ నావల్లే రాలేదు."

అక్క కూర్చున్నచోటే గుమ్మం వైపు తిరిగింది.

"పిచ్చివాడా" అంది అక్క. "పెట్టె చెప్తే గాని నాకు తెలీదా? నేను చేయించుకోలేదని నాకు తెలుసు కదా. అది అడగలేదు గనక నేనూ ఊరుకున్నా. అడిగినప్పుడు చూద్దాంలే అని. రోజూ నా రికార్డు తెరిచి చూసుకోవాలనిపించేది. తెరిచేదాన్ని కాదు." ఆవిడ టోకెను చీటీని చిన్నగా మడుస్తూ కూర్చుంది. "అమ్మను చూశాను కదరా. భయం. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది నా పని."

ఆవిడ భయం అన్న మాట అనగా దస్త్రం ఎప్పుడూ వినలేదు. ఎలుకలకీ, కలెక్టరుకీ, ఉన్మాదంలో కత్తి పట్టుకుని వచ్చినవాడికీ జంకని మనిషి. అతనికి కళ్ళు మండాయి.

డాక్టరమ్మ చీటీ స్వయంగా రాసింది. "మీ అమ్మగారి సంగతి ఉంది కాబట్టి డబ్బా పరీక్షతో సరిపెట్టను సిస్టర్. నేరుగా కెమెరా గొట్టం వేసి చూడాల్సిందే. ఎల్లుండికి రాస్తున్నా. తర్వాత అనకండి."

అక్క అనలేదు.

రెండు పరీక్షలు మర్నాడే అయిపోయాయి, ఏమీ లేదన్నారు. మూడోదానికి పెద్దాసుపత్రికి వెళ్ళాలి. దస్త్రం సెలవు పెట్టి వెంట వెళ్ళాడు. అక్కను లోపలికి తీసుకెళ్ళాక అతనూ బావగారూ నడవాలో కుర్చీల మీద కూర్చున్నారు. బావగారు దర్జీ. చేతులు ఊరికే పెట్టుకుని కూర్చోలేని మనిషి. సంచిలోంచి ఎవరిదో చొక్కా తీసి గుండీలు కుట్టడం మొదలుపెట్టాడు. ఒక గుండీ కుట్టాడు, ఊడదీశాడు, మళ్ళీ కుట్టాడు. అదే గుండీ నాలుగోసారి కుడుతుంటే దస్త్రం ఉండబట్టలేకపోయాడు.

"బావగారూ, మీకో మాట చెప్పాలి. అక్కకి ఇన్నాళ్ళు ఆలస్యం కావడానికి కారణం..."

"చెప్పింది" అన్నాడు బావగారు, దారం పంటితో కొరుకుతూ. "నువ్వు నొక్కావని చెప్పింది. కనిపెట్టింది కూడా నువ్వేనని చెప్పింది. రెండు రోజులు తిండి మానేశావట, అదీ చెప్పింది." సూది చొక్కాకి గుచ్చి పక్కన పెట్టాడు. "ముప్ఫై ఏళ్ళ నుంచి దాని పక్కనున్నాను. నువ్వు చేయించుకున్నావా అని నేనొక్కసారి అడిగానా? కుర్చీ ఇటు జరుపుకో. ఒక్కడివే అంత దూరంగా కూర్చున్నావు."

దస్త్రం కుర్చీ జరుపుకున్నాడు.

పేగు లోపలి గోడన పిలకలా లేచిన చిన్న కండ ఒకటి దొరికింది. వేలి గోరంత. అక్కడికక్కడే కత్తిరించి పరీక్షకు పంపారు. రిపోర్టు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ అక్క మామూలుగానే పనికి వచ్చింది. పట్టీ కట్టింది, డబ్బాలు పంచింది, వాదించింది. ఆవిడ నిమ్మకు నీరెత్తినట్టే ఉంది, చిక్కిపోయినవాడు దస్త్రం. ఆయాలు అతన్ని చూసి, గొట్టం వేసింది సిస్టరుకా, దస్త్రం బాబాయికా అని నవ్వుకున్నారు.

పదో రోజు పొద్దున్నే రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ చదివి, రెండోసారి చదివి, వరండాలోకే వచ్చి చెప్పింది. ఇంకా క్యాన్సరు కాలేదు. అయ్యే దారిలో ఉంది. పూర్తిగా తీసేశారు. మూడేళ్ళకు మళ్ళీ చూడాలి.

"ఇంకో నాలుగైదేళ్ళు వదిలేసి ఉంటే నేనీ మాట ఇలా చెప్పేదాన్ని కాదు" అంది డాక్టరమ్మ.

అక్క తలూపి, తర్వాతి టోకెనును లోపలికి పిలిచి పట్టీ కట్టింది. రోగి చేతికి కట్టిన పట్టీలోకి గాలి కొట్టడం మర్చిపోయి చాలాసేపు అలాగే బీపీ మీటరు ముల్లు వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ ముసలాయన ఓపికగా కూర్చున్నాడు.

సాయంత్రం అందరూ వెళ్ళాక ఆవిడ స్టూలు ఈడ్చుకుంటూ రికార్డుల గదికి వచ్చింది.

"నా పరీక్షలు ఎక్కించు తమ్ముడూ. అయిందని నొక్కు."

దస్త్రం ఆవిడ రికార్డు తెరిచాడు. పెట్టె లేచింది. వేలు మీట మీద పెట్టాడు, నొక్కలేకపోయాడు.

"నొక్కు. ఈసారి నిజంగానే అయింది. తేదీ మాత్రం సరిగ్గా వెయ్యి."

తేదీ మూడుసార్లు సరిచూసుకుని నొక్కాడు. పెట్టె పోయింది. అతను కళ్ళు తుడుచుకుంటుంటే అక్క చూడనట్టు నటించింది. అక్కకు నటన రాదు.

"సరే, ఇప్పుడు నీది తెరువు."

"నాదెందుకక్కా? నాకేం రోగం..." అంటూనే ఆగిపోయాడు. ఆ మాట బస్సు డ్రైవరు నోట్లోంచి వచ్చినట్టే ఉంది.

తెరిచాడు. అందరి రికార్డులూ తన చేత్తో ఎక్కించిన మనిషి తన రికార్డు తెరవడం అదే మొదటిసారి. పేరు, పుట్టిన తేదీ తప్ప ఏమీ లేదు. బరువు లేదు, బీపీ లేదు. పసుపుపచ్చ పెట్టె మాత్రం ఠంచనుగా లేచింది. అతని వేలు తనంతట తానే 'తర్వాత' వైపు పోయింది.

"నొక్కుకో, నేనేం వద్దనను" అంది అక్క. "కాకపోతే చదివి నొక్కు. గట్టిగా."

గదిలో ఇద్దరే ఉన్నారు. అయినా దస్త్రం బడిలో పాఠం ఒప్పజెప్పేవాడిలా నిటారుగా కూర్చుని చదివాడు. "వయసు యాభై రెండు. పేగు క్యాన్సరు పరీక్ష ఇంతవరకు జరగలేదు. పంపించాలా?"

అక్క జేబులోంచి చిన్న మూత డబ్బా తీసి అతని ముందు పెట్టింది. దాని మీద ఆవిడ చేతిరాతతో అతని పేరు అప్పటికే రాసి ఉంది. దస్త్రం అని కాదు, ఆసుపత్రిలో ఎవరికీ గుర్తులేని అసలు పేరు.

"రేపు ఉదయం పట్టుకురా" అంది. "ఇకమీదట నీ పెట్టె నేను తెరుస్తా, నా పెట్టె నువ్వు తెరువు. మూడేళ్ళకి నాకు భయమేసి తప్పించుకోబోతే టోకెను చింపి చేతిలో పెట్టు."

"ఒకటో నెంబరే ఇస్తా" అన్నాడు దస్త్రం, 'పంపించు' నొక్కుతూ.